రంగంలో పాత కారు వెల ఎంత?

మన ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దవాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు. "ఆడు రంగం ఎల్లిపోనాడు" అంటే అప్పు తీర్చడానికో, అన్నదమ్ములతో పడకో, ఓడెక్కి సముద్రం దాటాడని అర్థం. కాకినాడ పక్కనున్న కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు కాబట్టి, ఆ రేవు పూడిపోయి జనం భీమిలి, విశాఖపట్నం, కాకినాడల్లో ఓడెక్కడం మొదలెట్టిన తర్వాత కూడా, బర్మాలో తెలుగువాళ్ళకి 'కోరంగీలు' అన్న పేరే నిలిచిపోయింది.

రంగం తెలుగువాళ్ళ గురించి రాసినవాళ్ళు రేవు గురించి, ధాన్యం మిల్లుల గురించి, 1942లో కొండలు దాటి కాలినడకన వచ్చినవాళ్ళ గురించి రాశారు. అవన్నీ రాయవలసినవే. నేను మాత్రం ఒక కారు గురించి రాస్తాను. ఎందుకంటే నా వృత్తి అది. ప్రమాదం జరిగిన బండిని చూసి నష్టం ఇంత అనీ, బీమా చేయబోయే బండిని చూసి విలువ ఇంత అనీ కాగితం మీద రాసే సర్వేయర్ని నేను. పదిహేనేళ్ళు విశాఖపట్నంలో, ఆ తర్వాత సింగపూర్లో అదే పని చేశాను. 2014లో యాంగోన్‌లో కొత్తగా తెరిచిన ఒక ఇన్స్యూరెన్సు కంపెనీ కుర్రాళ్ళకి ఈ పని నేర్పడానికి ఏడాది పాటు అక్కడ ఉన్నాను. (1989లో అక్కడి ప్రభుత్వం రంగూన్ పేరుని యాంగోన్‌గా మార్చింది. ఈ వ్యాసంలో పాతకాలం వచ్చినప్పుడు రంగూన్ అనీ, ఇప్పటి సంగతి వచ్చినప్పుడు యాంగోన్ అనీ రాస్తాను.)

ఆ ఏడాదిలో నా దగ్గరకొచ్చిన బళ్ళన్నిటిలోకీ ఒక్కదానికే నేను విలువ కట్టడానికి తడుముకున్నాను. అది 1952 నాటి ఎంజీ టీడీ. రెండు సీట్ల ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. దాన్ని యాభై ఏళ్ళుగా సాకుతున్నది ఒక తెలుగు మెకానిక్కు. ఆ కారు వెల ఎంత అన్న ప్రశ్నకి జవాబు వెతుకుతూ పోతే, రంగంలో మనవాళ్ళ చరిత్ర చాలా భాగం తగిలింది.

లాగినవాళ్ళు, బిగించినవాళ్ళు

1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో నాలుగు లక్షల మంది ఉంటే, అందులో సగానికి పైగా భారతీయులే. బర్మా మొత్తం మీద తెలుగు మాట్లాడేవాళ్ళు లక్షన్నర దాటి ఉన్నారు. రేవులో ఓడల సరుకు ఎత్తి దించేవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. వీధుల్లో మనుషులు లాగే రిక్షాలు ఉండేవి. వాటిని అక్కడ లాంచాలనేవారు. ఆ లాంచాలు లాగినవాళ్ళు కూడా ఎక్కువగా మనవాళ్ళే. ఊళ్ళో మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి ఓడెక్కించేవాడు. ఆ బాకీ కూలిలోంచి కోసుకునేవాడు. కోత ఎప్పటికి తీరుతుందో మేస్త్రికి తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు.

1930 మే నెలలో రేవు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. యజమానులు బర్మా కూలీలని తీసుకొచ్చారు. సమ్మె ముగిశాక వాళ్ళని పొమ్మన్నారు. మే 26న మొదలైన కొట్లాటల్లో వందమందికి పైగా చనిపోయారు. పోయినవాళ్ళలో అత్యధికులు తెలుగువాళ్ళు.

అందరూ కూలీలే కాదు. రంగూన్ నది ఆవలి ఒడ్డున డలా అనే చోట ఇరావదీ ఫ్లోటిల్లా కంపెనీ ఓడల మరమ్మతు కర్మాగారం ఉండేది. అక్కడ రివిట్లు కొట్టిన, బాయిలర్లు బాగుచేసిన, లేతు మిషన్ల ముందు నిలబడ్డ మనవాళ్ళూ ఉన్నారు. మన కథలోని మెకానిక్కు తండ్రి అలాంటి ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి పదహారో ఏట వచ్చాడట. చదువు లేదు. కానీ ఇత్తడి ముక్కని వేలితో తడిమి ఎంత అరిగిందో చెప్పగలిగేవాడట.

1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాయి. రేవు దగ్గర ఎందరో కూలీలు చనిపోయారు. ఆ సమయంలో రంగూన్ రేవు నిండా అమెరికా నుంచి చైనాకి వెళ్ళవలసిన యుద్ధ సామగ్రి ఉంది. పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చిన లారీలని అక్కడే బిగించి, బర్మా రోడ్డు మీదుగా చైనాకి పంపేవారు. 1942 మార్చిలో నగరం వదిలి వెళుతూ, శత్రువు చేతికి చిక్కకూడదని, సగం బిగించినవీ బిగించనివీ కలిపి తొమ్మిది వందలకు పైగా లారీలనీ, 5,000 టైర్లనీ ధ్వంసం చేశారు. ఫ్లోటిల్లా కంపెనీ కూడా తన ఓడలని వందల సంఖ్యలో తానే ముంచేసింది. రంగంలో బండి విలువ ఒక్క ఉత్తరువుతో సున్నా కావడం నాకు తెలిసినంతలో అది మొదటిసారి.

యుద్ధం అయ్యాక బ్రిటిషు సైన్యం వదిలేసిన జీపులూ, కెనడాలో తయారైన షెవర్లే లారీలూ మిగిలాయి. ఆ లారీల మీద కొయ్య బాడీలు కట్టి సిటీ బస్సులు చేశారు. మీరు నమ్మరు గానీ, ఆ షెవర్లే బస్సులు కొన్ని 2000ల దాకా యాంగోన్ వీధుల్లో తిరిగాయి. 1946లో తిరిగి రంగూన్ చేరిన ఆ ఫిట్టరు, ఓడల పని మానేసి ఈ బళ్ళ పనిలో పడ్డాడు. ఒక వర్తకుడి షెడ్డులో గ్యారేజీ పెట్టాడు.

బండి వచ్చిన కథ

ఎంజీ టీడీ ఇంగ్లండులో ఆబింగ్డన్ అనే ఊళ్ళో తయారైంది. 1953 వరకూ సుమారు ముప్ఫై వేలు చేస్తే, వాటిలో చాలాభాగం అమెరికాకే పోయాయి. యుద్ధంలో చితికిపోయిన ఇంగ్లండుకి డాలర్లు కావలసిన రోజులవి. 1,250 సీసీ ఇంజను, 54 గుర్రాల బలం, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు. ఈనాటి చిన్న మారుతీ కూడా దీన్ని దాటిపోతుంది. కానీ పొడుగాటి బానెట్టు, వెనక బయటే తగిలించిన స్టెప్నీ, ముందుకు వంచి పడుకోబెట్టగల అద్దం చూస్తే అది ఎందుకు కొన్నారో చెప్పనక్కరలేదు.

రంగూన్‌లో దాన్ని కొన్నది ఆ షెడ్డు యజమాని, ఒక భారతీయ వర్తకుడి చిన్న కొడుకు. స్వతంత్రం వచ్చిన కొత్త. అప్పటి ఫేర్ స్ట్రీట్, ఇప్పటి పన్‌సొడాన్ వీధి నిండా బ్యాంకులు, ఇన్స్యూరెన్సు కంపెనీలు. బండికి పూర్తి బీమా చేశారు. ఆ పాలసీ కాగితం నేను చూశాను. ఓనరు బుక్కుతో పాటు ఒక రేకు డబ్బాలో భద్రంగా ఉంది. దాని గడువు 1963లో తీరింది. ఆ తర్వాత ఆ బండికి యాభై ఏళ్ళు పూర్తి బీమా లేదు.

చూసుకో

1962 మార్చి 2న జనరల్ నే విన్ అధికారం తీసుకున్నాడు. తర్వాత రెండేళ్ళలో బ్యాంకులు, కంపెనీలు, చివరికి వీధి దుకాణాలు కూడా జాతీయం అయ్యాయి. విదేశీ ఇన్స్యూరెన్సు కంపెనీలన్నీ పోయి, బీమా మొత్తం ప్రభుత్వం చేతికి వెళ్ళింది. 1964 మే 17న 50, 100 క్యాట్ నోట్లు చెల్లవన్నారు. అంతకు ముందు దుకాణం పోయినవాడికి ఆ రోజున చేతిలో నోట్లు కూడా పోయాయి. మర్చంట్ స్ట్రీట్‌లోని భారత రాయబార కార్యాలయం ముందు ప్రయాణ పత్రాల కోసం జనం బారులు తీరారు. ఆ కార్యాలయం ఉన్నది ఒకప్పటి ఓరియంటల్ లైఫ్ అస్యూరెన్సు భవనంలో. భవిష్యత్తుకి భరోసా అమ్మడానికి కట్టిన మెట్ల మీద నిలబడి ఇంటిదారి పట్టారు. కొద్ది ఏళ్ళలోనే లక్షకు పైగా భారతీయులు వెళ్ళిపోయారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు ఆ విధంగా ఏర్పడిందే.

వెళ్ళేవాళ్ళు నగలు కూడా ఇన్ని అని లెక్క చూపించి తీసుకెళ్ళాలి. ఇక కార్ల సంగతి ఎవరడుగుతారు? వర్తకుడి కొడుకు ఓడెక్కే రోజున తాళంచెవి, ఓనరు బుక్కు తెచ్చి ఫిట్టరు చేతిలో పెట్టాడు. "చూసుకో" అన్నాడట. అమ్మకం లేదు, దానం లేదు, కాగితం లేదు. ఆ తర్వాత అతని దగ్గర్నుంచి రెండు ఉత్తరాలొచ్చి ఆగిపోయాయి.

ఫిట్టరు ఎందుకు వెళ్ళలేదని అడిగాను. నాకు ఈ కథ చెప్పిన పెద్దాయన ఆ ఫిట్టరు కొడుకు. 1964లో ఆయనకి ఇరవయ్యారేళ్ళు. "ఆ ఒడ్డున మాకేటున్నాది బాబూ? మా అయ్య ఎల్లిపొచ్చినప్పుడే బూమి బాకీకి పోయింది. ఇక్కడ పనున్నాది" అన్నాడు. ఆయన పుట్టింది డలాలో. మన దేశం ఎన్నడూ చూడలేదు. ఆయన తెలుగు మాత్రం మా అమ్మమ్మ ఊరి తెలుగు, అరవై ఏళ్ళ కిందటిది.

ముక్కు పట్టుకుని బతికిన కాలం

తర్వాత కాలం గురించి చెప్పాలంటే మరమ్మతు గురించే చెప్పాలి. ప్రైవేటు మనిషి కారు దిగుమతి చేసుకోవడం దాదాపు అసాధ్యమైపోయింది. జపాన్ యుద్ధ పరిహారం కింద వచ్చిన కర్మాగారాల్లో హీనో బస్సులు, చిన్న మాజ్డా బళ్ళు బిగించారు గానీ, అవి చాలేవి కావు. కొత్త బండి రాదు, కాబట్టి పాత బండి చావకూడదు. రంగూన్ మెకానిక్కులని బర్మావాళ్ళు 'సయా' అంటారు. బడిపంతులికీ, డాక్టరుకీ అదే మాట. ఆ గౌరవం ఊరికే రాలేదు.

ఎంజీ టీడీకి ఉన్న మొదటి చిక్కు బోల్టులు. ఆ ఇంజను జాతి మూలం ఒక ఫ్రెంచి కంపెనీకి చెందిన కర్మాగారంలో ఉంది. దాన్ని మోరిస్ కొన్నాక కూడా మిషన్లు ఫ్రెంచివే. అందుచేత మరలు మెట్రిక్ కొలత, పైన తలలు మాత్రం ఇంగ్లీషు విట్‌వర్త్ కొలత. స్పానరు చూసి బోల్టు తెచ్చినవాడు మోసపోతాడు. ఆ మరల పిచ్చి ఇప్పటి బజారు బోల్టులకి కూడా సరిపోదు. ఇనుప బజారు థాన్ జే అంతా తిరిగినా ఒక్కటి దొరకదు. తండ్రీకొడుకులు వాటిని లేతు మీద తామే కోసుకున్నారు. అరిగిన కంచు బుష్‌ల బదులు డలాలో పారేసిన పడవ ప్రొపెల్లరు కంచుని తెచ్చి తరిగారు.

రెండో చిక్కు కొయ్య. ఇది వింటే ఆశ్చర్యం కలుగుతుంది. ఈ కారు బాడీ రేకు కింద ఉన్న చట్రం కొయ్యది, ఇంగ్లండులో దొరికే యాష్ అనే చెట్టుది. బాగా సాగే గుణం, కుదుపుకి విరగదు. కానీ యాంగోన్‌లో ఏటా 2,700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. హైదరాబాదులో పడేదానికి మూడు రెట్ల పైమాటే. మే నుంచి అక్టోబరు దాకా గాలే తడిబట్ట. ఇంగ్లీషు కొయ్య ఇరవై ఏళ్ళలో పిండైపోయింది. తలుపులు వేలాడాయి. అప్పుడు ఫిట్టరు కూల్చిన పాత ఇళ్ళ టేకు దూలాలు కొని చట్రం మొత్తం కొత్తగా చేశాడు. టేకుకి చెద పట్టదు, నీళ్ళు ఎక్కవు. అయితే టేకులో సహజంగా ఉన్న నూనె వల్ల జిగురు పట్టదు. అతుకు వేసే ముందు ప్రతి ముఖాన్నీ స్పిరిట్‌తో తుడిచి, ఆరగానే అంటించి, ఇత్తడి స్క్రూలు బిగించాలి. ఇనుప స్క్రూలైతే తుప్పు పట్టి కొయ్యని తినేస్తాయి. పెద్దాయన నాకు తలుపు తీసి, వేసి చూపించాడు. పెట్టె మూత పడ్డట్టు పడింది.

మూడోది బ్రేకులు. ఈ బండి బ్రేకుల్లో రబ్బరు కప్పులు సహజ రబ్బరువి. బ్రేకు నూనె దొరకని రోజుల్లో ఎవరైనా ఇంజను నూనె పోస్తే, రబ్బరు ఉబ్బిపోయి చక్రాలు పట్టేస్తాయి. మోల్మేన్ వైపు రబ్బరు తోటలున్నాయి కాబట్టి కప్పులు అచ్చులో పోసుకున్నారు. నూనె మాటేమిటి? ఆముదంలో స్పిరిట్ కలిపి పోశారు. నవ్వుకోకండి. తొలినాటి బ్రేకు నూనెలు తయారైంది ఆముదంతోనే. క్యాస్ట్రాల్ అన్న పేరు కూడా ఆముదం ఇంగ్లీషు పేరు నుంచి వచ్చిందే. ఆ క్యాస్ట్రాల్‌ని 1966లో కొన్నది బర్మా ఆయిల్ కంపెనీ. రంగూన్‌కి ఎదురుగా సిరియం రిఫైనరీలో తెలుగువాళ్ళ చెమటా ఉన్న ఆ కంపెనీ ఆస్తిని అంతకు మూడేళ్ళ ముందే, 1963లో, బర్మా ప్రభుత్వం తీసేసుకుంది. కంపెనీ పోయింది, నూనె డబ్బా పోయింది, ఆముదం మాత్రం నిలిచింది.

నాలుగోది స్టీరింగు. 1970 డిసెంబరులో నే విన్ ప్రభుత్వం ఒక్కసారిగా బళ్ళన్నీ రోడ్డుకి కుడివైపు నడవాలంది. ఎందుకని అడిగితే ఇప్పటికీ జ్యోతిష్యుల కథలే చెబుతారు. బళ్ళు మాత్రం మారలేదు. బస్సు తలుపులు రోడ్డు మధ్యలోకి తెరుచుకునేవి. ఓవర్‌టేక్ చేయాలంటే డ్రైవరుకి ఎదర ఏమీ కనపడదు. పక్కనున్నవాడు తల బయటపెట్టి చూసి చెప్పాలి. టీడీ స్టీరింగు ఏర్పాటు రెండు వైపులా అమర్చుకునేట్టు తయారైందే. మార్చవచ్చుగా అన్నాను. "ఆయన వచ్చి కూకుంటే ఎటు కూకుంటాడు?" అన్నాడు పెద్దాయన. తండ్రి మాటట అది. బండి అప్పగించినవాడు దాన్ని గుర్తుపట్టేలా ఉండాలన్నది ఆ ఇంటి నియమం. అందుకే రంగు కూడా మార్చలేదు.

పెట్రోలు రేషను. 2000ల్లో కూడా ప్రైవేటు కారుకి రోజుకి రెండు గ్యాలన్లే. మిగతాది రోడ్డు పక్క సీసాల్లో కల్తీది కొనాలి. అదృష్టం ఏమిటంటే, ఈ ఇంజను కంప్రెషన్ తక్కువ కాబట్టి నాసి పెట్రోలుతో కూడా నడుస్తుంది. కొత్త బళ్ళు దగ్గితే ఇది దగ్గేది కాదు. పెట్రోలు పంపు ఆగిపోతే చిన్న సుత్తితో ఒక దెబ్బ. ఇంజను వెనక నూనె సీలు లేదు, తయారీలోనే లేదు. అందుచేత కింద ఎప్పుడూ చుక్కలుంటాయి. "సుక్క పడకపోతే బయపడాల, నూనె అయిపోనట్టు" అనేవాడు.

1987 సెప్టెంబరులో మళ్ళీ నోట్లు రద్దయ్యాయి. 1988లో వీధుల్లో తుపాకులు పేలాయి. ఆ రెండేళ్ళూ బండిని దిమ్మల మీద ఎక్కించి, గోనె కప్పి, నెలకోసారి హ్యాండిల్‌తో ఇంజను తిప్పి ఉంచారు. తిప్పకపోతే పిస్టను రింగులు పట్టేస్తాయి.

ఇనుము బరువు

ఈ కరువు వల్ల ఒక వింత జరిగింది. దిగుమతి లైసెన్సు ఉన్నవాడే రాజు కాబట్టి, ఇరవై ఏళ్ళు దాటిన టయోటా కూడా యాంగోన్‌లో ఇరవై వేల డాలర్ల పైన పలికేది. లోకంలో ఎక్కడైనా కారు షోరూం గడప దాటగానే ధర పడిపోతుంది. ఇక్కడ అది స్థలంలాగా పెరిగేది.

2011 సెప్టెంబరులో కొత్త ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. నలభై ఏళ్ళు దాటిన బండిని తెచ్చి తుక్కుకి అప్పగిస్తే, దాని బదులు ఒక కారు దిగుమతికి పర్మిట్ ఇస్తారు. తర్వాత ఆ వయసుని ముప్ఫైకి, ఇరవైకి దించారు. పర్మిట్ విలువ పాత బండి విలువ కన్న ఎన్నో రెట్లు. దళారులు ఊరూరా తిరిగి పాత బళ్ళు వెతికారు. యుద్ధకాలపు జీపులు, కొయ్య బస్సులు, యాభైల నాటి ఇంగ్లీషు కార్లు వరుసకట్టి వెళ్ళి ముద్దలయ్యాయి. గాలి శుభ్రమైంది, ప్రమాదాలు తగ్గే బళ్ళొచ్చాయి, మామూలు మనిషికి కారు అందింది. అది కాదనలేం. కానీ యాభై ఏళ్ళ చేతిపని చరిత్ర కూడా ఆ ముద్దల్లోనే పోయింది. బహాన్‌లోని ఆంగ్ సాన్ మ్యూజియంలో ఆయన నల్ల ఊల్స్‌లీ కారుని దాచారు. జాతీయ నాయకుడు ఎక్కిన కారుకి రక్షణ ఉంది. మెకానిక్కు సాకిన కారుకి లేదు.

పెద్దాయన ఇంట్లో ఆ ఏడాది పెద్ద గొడవే అయింది. కొడుకు ట్యాక్సీ నడుపుతాడు, అద్దె బండి. ఈ ఎంజీని అప్పగిస్తే సొంత ట్యాక్సీ వస్తుంది. కూతురి పెళ్ళి ఉంది. కొడుకు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. పెద్దాయన ఇవ్వనన్నాడు. "నాది కాదురా, ఎలా ఇస్తాను?" అన్నది ఆయన వాదన. ఆర్నెల్లు తండ్రీకొడుకులు మాట్లాడుకోలేదు.

లెక్కలో రానిది

2013లో యాంగోన్‌లో ప్రైవేటు ఇన్స్యూరెన్సు కంపెనీలు మళ్ళీ మొదలయ్యాయి. అంతవరకూ ప్రభుత్వ సంస్థ మ్యాన్మా ఇన్స్యూరెన్సు ఒక్కటే. చక్రాల పన్ను కట్టేటప్పుడు దానితో పాటే తప్పనిసరి థర్డ్ పార్టీ బీమా కట్టేవారు. అంటే మన బండి వల్ల ఎదుటివాడికి నష్టం జరిగితే ఇచ్చేది. మన బండికే నష్టం జరిగితే ఇచ్చే పూర్తి బీమా ఈ పెద్దాయన లాంటివాళ్ళ ఊహలో లేదు. పర్మిట్ గొడవ చల్లారాక, కొడుకే ఒక రాజీ మాట చెప్పాడు: బండిని ఉంచుదాం, కానీ కాలిపోతేనో ఎవడైనా గుద్దితేనో మనకేమీ మిగలదు కదా, బీమా చేయిద్దాం అని. అలా నా దగ్గరికొచ్చారు.

పాత కారుకి విలువ కట్టడానికి మూడు దారులున్నాయి. ఒకటి బజారు ధర: అలాంటి బండి నిన్న ఎంతకి అమ్ముడయిందో చూడటం. యాంగోన్‌లో అలాంటి బండి అమ్మకం ఏదీ నాకు దొరకలేదు. రెండోది తరుగుదల లెక్క. మన భారతదేశపు మోటారు పాలసీలో ఒక పట్టిక ఉంటుంది. రబ్బరు, ప్లాస్టిక్కు భాగాలకి సగం తరుగు, అద్దానికి తరుగు లేదు, 'కొయ్య భాగాలతో సహా' మిగతావాటికి వయసుని బట్టి, పదేళ్ళు దాటితే సగం. కొయ్య భాగాలు అన్న మాట నేను ఇరవై ఏళ్ళు చదివాను గానీ, టేకు చట్రం ఉన్న కారు ముందు నిలబడ్డాకే దాని అవసరం ఏమిటో కళ్ళారా చూశాను. మూడోది ఒప్పుకున్న విలువ: కంపెనీ, యజమాని ముందే కూర్చుని ఇంత అని రాసుకోవడం. అమెరికా, ఇంగ్లండుల్లో పాత కార్లకి ఇదే పద్ధతి. మన దేశంలోనూ అయిదేళ్ళు దాటిన బండికి విలువ ఇరుపక్షాల ఒప్పందంతోనే తేలాలి. 2021లో మన కేంద్రప్రభుత్వం యాభై ఏళ్ళు దాటిన బళ్ళకి వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు కూడా తెచ్చింది. 

ఒప్పుకోవడానికైనా ఎవరో ఒక అంకె చెప్పాలి కదా. పెద్దాయన్ని అడిగాను.

"నానేటి సెప్తాను బాబూ? వెల అమ్మినోడు సెప్పాల, కొన్నోడు సెప్పాల. దీన్ని అమ్మలేదు, కొనలేదు."

అసలు చిక్కు అక్కడే ఉంది. ఓనరు బుక్కులో పేరు 1964లో వెళ్ళిపోయిన మనిషిది. బర్మాలో పాత పేరు మీదనే బళ్ళు చేతులు మారడం మామూలే గానీ, ఇక్కడ చేతులు మారిన కాగితం కూడా లేదు. బీమా శాస్త్రంలో ఒక సూత్రం ఉంది: వస్తువు పోతే నష్టపోయేవాడే దానికి బీమా చేయించగలడు. అందుకు యజమానే కానక్కరలేదు. అప్పగింత పుచ్చుకుని కాపాడేవాడికి కూడా ఆ హక్కుంది. చాకలి తన దగ్గరున్న బట్టలకి, గోదాము యజమాని తన దగ్గరున్న బస్తాలకి బీమా చేయించుకోవచ్చు. నేను ఆ దారినే రిపోర్టు రాశాను.

అది రాస్తూ గుర్తింపు కార్డు అడిగితే, పెద్దాయన విదేశీయుల రిజిస్ట్రేషన్ పత్రం తీసి ఇచ్చాడు. పుట్టింది డలా, కాని పౌరుడు కాడు. 1982 నాటి పౌరసత్వ చట్టం 1823కి ముందు నుంచీ ఉన్న జాతులకే పూర్తి పౌరసత్వం అంది. తర్వాత వచ్చినవాళ్ళకి కాగితాలుంటే కింది మెట్లు; కాగితాలు లేనివాళ్ళకి ఏమీ లేదు. "బండికి బుక్కున్నాది. నాకే లేదు" అని నవ్వాడు.

విలువ కట్టడానికి చివరికి నాకు ఆధారం దొరికింది ఒక నోటు పుస్తకం. తండ్రి చెబుతుంటే కొడుకు రాసినది, తర్వాత కొడుకు తనే రాసుకున్నది. తెలుగు అక్షరాలు ఆయనకి రావు. బర్మా లిపిలో రాశాడు. ఏ తేదీన ఏ భాగం మార్చారు, కొలత ఎంత, లోహం ఎక్కడిది, ఎన్ని రోజుల పని. దాని ప్రకారం ఈ రోజు అదే పని చేయిస్తే ఎంతవుతుందో లెక్కకట్టి, ఒక అంకె వేశాను. బర్మావాళ్ళు కూడా మనలాగే లక్షల్లో లెక్కపెడతారు. లక్షని 'తేయిన్' అంటారు. అన్ని తేయిన్లు విని కొడుకు నోరు తెరిచాడు. పెద్దాయన మాత్రం మా అయ్య కూలి కూడా కలిపావా అని అడిగాడు. కలిపానన్నాను.

కంపెనీ ఒప్పుకోలేదు. పేరు వేరే మనిషిది, పోల్చడానికి మరో బండి లేదు, పునర్బీమా ఇచ్చేవాళ్ళు ఒప్పుకోరు అన్నారు. వాళ్ళ స్థానంలో ఉంటే చాలామంది అదే అంటారు. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే మిగిలింది. ఆ రిపోర్టు కాపీ మాత్రం రేకు డబ్బాలో, 1963 పాలసీ పక్కన చేరింది.

పనికి వారసుడు

పెద్దాయన 2020లో పోయాడు. 2021 ఫిబ్రవరిలో సైన్యం మళ్ళీ అధికారం తీసుకుంది. క్యాట్ విలువ పడింది, దిగుమతులు బిగిశాయి, పాత బండికి మళ్ళీ గిరాకీ వచ్చింది. చరిత్ర రంగంలో ఒక చుట్టు తిరిగి పాత చోటికే చేరినట్టనిపించింది. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమల్లో పెట్టడంతో కుర్రాళ్ళు దేశం విడిచారు. తాత దగ్గర పని నేర్చుకున్న మనవడు థాయిలాండ్‌లో ఒక గ్యారేజీలో చేరాడు. ముత్తాత ఓడెక్కాడు, మనవడు బస్సెక్కి సరిహద్దు దాటాడు.

ఎంజీ షెడ్డులో దిమ్మల మీద ఉంది. ఒకప్పుడు దాన్ని అప్పగిద్దామన్న కొడుకే ఇప్పుడు నెలకోసారి హ్యాండిల్ వేసి ఇంజను తిప్పుతాడు. మనవడు ఫోనులో చెబుతాడు, ఎంత తిప్పాలో, ఏ గ్రీజు ఎక్కడ వేయాలో.

ఇన్నేళ్ళలో ఆ కారు వెలని ఎన్నిసార్లు ఎవరెవరో నిర్ణయించారు. వర్తకుడికి అది మోజు, 1964లో ఓడెక్కలేని సామాను, 2011లో పర్మిట్ చీటీ, కంపెనీకి ప్రమాదం. ప్రతిసారీ వెల బయటి నుంచే వచ్చింది, ఎవరో వేసిన ముద్రతో. బండిని బతికించిన పని మాత్రం ఏ లెక్కలోనూ రాలేదు. రంగంలో మనవాళ్ళ సంగతి కూడా అంతేనని నాకనిపిస్తుంది. రేవు కట్టిన చేతులకి కూలి రేటు ఒకడు కట్టాడు, పౌరసత్వం రేటు ఇంకొకడు కట్టాడు. వాళ్ళు చేసిన పని లెక్క వాళ్ళే రాసుకుంటే తప్ప మనకి తెలియదు. మన ఇళ్ళల్లో బర్మా నుంచి వచ్చిన పెట్టెలు ఇంకా కొన్ని ఉన్నాయి. అందులో నోటు పుస్తకాలుంటే, రసీదులుంటే, దయచేసి చిత్తుకాగితాల వాడికి వేయకండి.

ఆ నోటు పుస్తకం ఫోటోలు నా దగ్గరున్నాయి. 2014లో రిపోర్టు కోసం తీసినవి. పోయినేడు మనవడు అడిగితే పంపాను. రెండు రోజులకి ఫోను చేసి, అంతా అర్థమైంది గానీ బ్రేకుల పేజీలో ఒక మాట తెలియలేదు, అది బర్మా మాట కాదు, చదివి వినిపిస్తాను చెప్పండి మావయ్యా అన్నాడు. కూడబలుక్కుని చదివాడు: "చి-ట్టా-ము-దం."

అదేమిటో చెప్పాను. థాయిలాండ్‌లో దొరుకుతుందా అని అడిగాడు.